చీర మడతలో పట్టేంత

లైసెన్సు పుస్తకం మల్లీశ్వరి చేతికొచ్చిన చోట పోయిన వారం ఆగాం. ఆరు నెలలు తిరిగితే వచ్చిన పుస్తకం అది. ఆవిడ దాన్ని కళ్లకద్దుకోలేదు, ఎవరికీ చూపించలేదు. హ్యాండ్‌బ్యాగులో పడేసి, "ఇంక తుపాకీ కొనాలండీ" అంది మొగుడితో, కందిపప్పు కొనాలన్నంత మామూలుగా.

కానీ లోపల మామూలుగా లేదు. ఎలా ఉంటుంది? పదకొండు నెలల కిందట చల్లపల్లి దగ్గర మగ్గాల షెడ్డు ముందు ఆవిడ తండ్రి చౌడయ్యని ఇనప రాడ్డుతో కొట్టి చంపారు. షెడ్డు స్థలం నేత సంఘానిది, నేను బతికుండగా అమ్మనివ్వను అన్నాడాయన. అంతే ఆయన చేసిన తప్పు. కొట్టినవాడు కిరీటి, రైసుమిల్లు రామకోటేశ్వరరావుగారి ఒక్కగానొక్క కొడుకు. కళ్లారా చూసినవాళ్లు ముగ్గురు. అందులో వాచ్‌మన్ కోర్టుకొచ్చి, నాకు రేచీకటండీ అని చెప్పి చక్కా పోయాడు. రెండో ఆయన మోటార్ సైకిలు కాలవలో పడి చనిపోయాడు, ఎలా పడిందో ఎవరూ చూడలేదు. ఇక మిగిలింది మల్లీశ్వరి. దసరా సెలవులయ్యాక సోమవారం బందరులో కోర్టు తెరుస్తారు. ఆ రోజు ఆవిడ బోనెక్కి "వీడే" అని వేలు చూపిస్తే, ఇప్పుడు బెయిలు మీద తిరుగుతున్న కిరీటి జైలుకి పోతాడు. ఆ లోపల ఆవిడే లేకపోతే వాడు దర్జాగా ఇంటికి పోతాడు.

ఇవాళ మంగళవారం. మధ్యలో ఐదు రోజులున్నాయి.

బెంజ్ సర్కిల్ దగ్గరున్న తమ చీరల కొట్టు నుంచి గవర్నరుపేట చేరడానికి వాళ్లకి ముప్పావు గంట పట్టింది. దసరా జనం ఊరంతా తామే అయి తిరుగుతున్నారు. కారు నడుపుతున్న మొగుడు దుర్గాశంకర్ దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదు. మామూలుగా అయితే అడ్డమొచ్చిన ప్రతి ఆటోవాణ్ణీ వాడి ఏడుతరాల వరకూ తిట్టే మనిషి. భయపడుతున్నాడు పాపం అనుకుంది మల్లీశ్వరి. భర్త మీద జాలిపడింది కూడాను.

తుపాకుల కొట్టు ఓ సందులో మొదటి అంతస్తులో ఉంది. దాని యజమాని సొలొమోను. ముప్పయ్యేళ్లు పోలీసు ఆయుధాలు బాగుచేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా చెయ్యి వణకదు. లైసెన్సు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు, ఫొటో చూశాడు, ఆవిడ మొహం చూశాడు. ఆ తర్వాతే నోరు విప్పాడు.

"రోజులో ఎక్కువసేపు ఎలా ఉంటారమ్మా మీరు? నిలబడా, కూర్చునా?"

మల్లీశ్వరి తెల్లబోయింది. "అదెందుకండీ?"

"చెప్పండి. అందరూ వచ్చి ఎంత దూరం పేలుద్ది, ఎన్ని గుళ్లు పడతాయి అని అడుగుతారు. ఒంటి మీద పెట్టుకుని రోజంతా ఎలా బతుకుతామని ఒక్కడూ అడగడు. నెలరోజులకి అది బీరువాలోకి పోద్ది, మనిషి ఉత్త చేతుల్తో రోడ్డు మీదకి పోతాడు."

"చీరల కొట్టండీ మాది. పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. బేరమొస్తే లేచి బీరువాల్లోంచి చీరలు దించుతాను. మళ్లీ కూర్చుంటాను."

"ఆఁ. అదీ సంగతి."

ఆయన ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడు పిస్టళ్లు తెచ్చి పెట్టాడు. పెట్టేముందు ఒక్కోదాని మేగజీను తీసి, గొట్టం ఖాళీగా ఉందని ఆవిడకి చూపించి మరీ పెట్టాడు. మూడూ పాయింట్ ముప్పై రెండే. మొదటిది లావుగా, దిట్టంగా ఉంది. రెండోది మధ్యరకం. మూడోది సన్నగా, పొట్టిగా, అరచేతిలో దాగేలా ఉంది.

మల్లీశ్వరి ముందు మూడోదే తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మందం చూసింది. పుట్టినప్పటి నుంచీ గుడ్డని అలాగే చూసింది మరి, ఆ వేళ్లకి ఇంకో పద్ధతి తెలియదు.

సొలొమోను నవ్వాపుకున్నాడు. "నూలు కాదమ్మా అది, నలిగేందుకు."

"మందం తెలుస్తుందండీ నాకు. ఇది పట్టుచీర నాలుగు మడతలేసినంత ఉంది. ఆ పెద్దదైతే చీరల కట్టే."

"అయితే సన్నదే ఇచ్చేయండి" అన్నాడు దుర్గాశంకర్ గబుక్కున. కొట్టు దగ్గర బయల్దేరాక ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"ఆగండి బాబూ. మెళ్లో వేసుకునే గొలుసా, చూసి ఇచ్చేయడానికి?" సొలొమోను ఆయన వంక చూడనుకూడా లేదు. "అమ్మా, వెనక గదిలో అద్దం ఉంది. ఈ పటకా నడుముకి కట్టుకోండి. మీది కుడిచేతి వాటమేనా? అయితే ఎడం పక్కకి పెట్టి, పిడి కుడివైపు తిప్పండి. పైట ఎలాగూ ఆ పక్కనే దిగుతుంది కాబట్టి కప్పేస్తుంది. పెద్దదాన్నుంచి మొదలెట్టండి."

ఆవిడ పెద్దదాన్ని పెట్టుకుని బయటికొచ్చింది. ఆయన నేల మీద ఓ దుప్పటి పరిచి, "మీ కొట్టు ఇదే. నేను బేరానికొచ్చాను. చీర చూపించండి" అన్నాడు.

మల్లీశ్వరి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కూర్చుందో లేదో, పిడి పోయి డొక్కలో పొడిచింది. "అమ్మో!" అని లేచిపోయింది. రెండోది పెట్టుకుంటే కూర్చోగలిగింది గానీ, లేని చీరని దించడానికి చెయ్యి పైకెత్తేసరికి పైట కింద నుంచి పిడి ఆకారం స్పష్టంగా ఎత్తుగా తేలింది.

"రోడ్డు మీద పోయేవాడిక్కూడా తెలిసిపోద్ది" అన్నాడు సొలొమోను.

మూడోది పెట్టుకుంది. కూర్చుంది, వంగింది, చేతులు రెండూ పైకెత్తింది, మెట్లు దిగి మళ్లీ ఎక్కివచ్చింది. నడుము దగ్గర ఏదో ఉందన్న సంగతి ఆవిడకే అప్పుడప్పుడు గుర్తొస్తోంది. కానీ పక్కకి తిరిగి అద్దంలో చూసుకుని పెదవి విరిచింది.

"తప్పు చీరదండీ. ఇది మెత్తటి పట్టు, ఒంటికి అంటుకుపోతుంది. గంజిపెట్టిన నేతచీర అయితే నిలబడుతుంది, లోపల ఏముందో చెప్పదు. పైట అంచు కూడా కాస్త బరువైనదైతే గాలికి లేవదు. సోమవారానికి మా నాన్న నేసిన తెల్లచీర ఉంది. అది కట్టుకుంటాను."

సొలొమోను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నలభయ్యేళ్లలో నాకు గుడ్డ పాఠం చెప్పింది మీరొక్కరేనమ్మా. సరే, ఇప్పుడు దీంతో వచ్చే కష్టాలు కూడా వినండి. ఏడే గుళ్లు. పిడి పొట్టిది, చిటికెన వేలికి చోటుండదు. తేలిగ్గా ఉంది కదాని మురిసిపోకండి, తేలికది కాబట్టే పేల్చినప్పుడు చేతిని గట్టిగా తంతుంది. ట్రెయినింగులో పెద్దదాంతో కాల్చుంటారు. దీంతో మళ్లీ మొదట్నుంచీ అలవాటు చేసుకోవాలి."

దుర్గాశంకర్ ఫోను మోగింది. నంబరు చూసుకుని, "గుమాస్తా" అని గొణిగి, మెట్లు దిగి సందులోకి వెళ్లిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు పోయేదాకా ఆగి సొలొమోను గొంతు తగ్గించాడు. "ఒక మాటడుగుతాను. నా కూతుర్ని అడిగినట్టే అడుగుతాను, ఏమనుకోకండి. కాల్చగలరా?"

ఎవరూ అడగని ప్రశ్న. లైసెన్సు కోసం వంద కాగితాలడిగారు గానీ ఇది అడగలేదు.

"మా నాన్నని కొట్టినప్పుడు నా చేతుల్లో చీరల మూట ఉందండీ. కొట్టుకి తెచ్చుకుందామని వెళ్లాను. వాడు రాడ్డెత్తాడు. నాకూ వాడికీ మధ్య పదడుగులుండవు. మూట కింద పడేసి అరవచ్చు. పరిగెత్తి మీద పడొచ్చు. ఏదీ చెయ్యలేదు. మూట మాసిపోతుందేమో అన్నట్టు గుండెకి హత్తుకుని నిలబడ్డాను. మూడు దెబ్బలు. మూడూ చూశాను. పదకొండు నెలల్నుంచీ నా మీద నాకే అసహ్యంగా ఉందండీ. కాల్చగలనో లేదో తెలియదు. కానీ ఈసారి మాత్రం చేతులు ముడుచుకుని నిలబడను."

సొలొమోను పిస్టలు పిడి తుడిచి ఆవిడ ముందు పెట్టాడు.

"మీరు చెప్పింది నిజం కాబట్టి ఇస్తున్నాను. 'ఎందుకు కాల్చలేనూ' అనుంటే వాయిదా వేసేవాణ్ణి. రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. కోర్టు గేటు దగ్గర దీన్ని పోలీసులకి ఇచ్చెయ్యాలి, లోపలికి రానివ్వరు. ఇది దారిలో మాత్రమే మీకు తోడు. రెండోది, ఇది మీ దగ్గరుందని పురుగుక్కూడా తెలియకూడదు. సన్నది కొనేదే అందుకు. తెలిసిందా, ఎదుటివాడు దీనికి తగ్గట్టు ఇంకోలా వస్తాడు. అప్పుడిది అట్లకాడతో సమానం."

"ఇంట్లో మా ఆయనకీ అత్తయ్యకీ తప్ప ఎవరికీ తెలియదండీ."

"మరి అలాగే ఉంచండి. ఆటోనగర్‌లో కారు సీట్లు కుట్టే మాణిక్యం అని ఉన్నాడు. నా పేరు చెప్పండి, నడుముకి ఒరుసుకోని తోలు ఒర రేప్పొద్దున్నకల్లా కుట్టిస్తాడు."

ఇంతవరకూ బాగానే ఉంది. బాగుంటే మనకి కథెందుకు?

బుధవారం మహర్నవమి. తోలు ఒర సంచీలో పెట్టుకుని ఆటోనగర్ నుంచి మల్లీశ్వరి ఇంటికొచ్చేసరికి పదకొండైంది. గుమ్మం ముందు ఆడవాళ్ల చెప్పులు కుప్పగా పడున్నాయి. లోపల్నుంచి గారెల వాసన, మాటలు, గాజుల చప్పుడు. పేరంటం సంగతి ఆవిడకి గుర్తే లేదు. నేతవాళ్ల ఇళ్లలో ఆయుధపూజ అంటే చిన్న విషయం కాదు. మగ్గం ఉన్నా లేకపోయినా, చేతికి అన్నం పెట్టే వస్తువు ఏదైతే అది ఆ రోజు పీట ఎక్కాల్సిందే.

నవ్వు మొహం పెట్టుకుని లోపలికెళ్లింది. పీట మీద పసుపు రాసిన మగ్గం నాడె, మామగారి కాలం నాటి నేత పన్నె, చీరలు కత్తిరించే కత్తెర, బిల్లులు కొట్టే మిషను, కారు తాళాలు. వాటి మధ్యలో, బంతిపూల దండ వేసుకుని, మూడు కుంకంబొట్లు పెట్టించుకుని, సన్నగా, అందంగా, పెళ్లికూతురిలా ఆవిడ పిస్టలు.

మల్లీశ్వరి ఒర ఉన్న సంచీని వెనక్కి దాచుకుంది.

పేరంటాళ్లందరినీ పంపించి తలుపేసేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆవిడ ఎవరికి తాంబూలం ఇచ్చిందో, ఏం మాట్లాడిందో ఆవిడకే తెలియదు.

"అత్తయ్యా! ఏం చేశారండీ ఇది?"

సుబ్బరత్నం గారెల పళ్లెం కింద పెట్టింది. ఆవిడకి డెబ్బై రెండు. కొడుకు కంటే కోడలి మీదే ప్రేమ ఎక్కువని నలుగురిలోనూ చెప్పుకునే మనిషి. "ఏం చేశానే? ఆయుధపూజ రోజు ఇంట్లో ఉన్న ఆయుధాన్ని చీకట్లో పెట్టుకుంటామా? కత్తెరకి బొట్టుపెట్టి దానికి పెట్టకపోతే అది కోపం తెచ్చుకోదూ?"

"దాన్ని ఎవరూ చూడకూడదండీ! ఒక్కళ్లు కూడా చూడకూడదు! ఎంతమంది వచ్చారు?"

"పాతికమంది ఉంటారేమో. అందరూ మనవాళ్లేగా."

"మనవాళ్లే! పాతికమంది మనవాళ్లకి పాతిక ఫోనులున్నాయి. సాయంత్రానికి రామకోటేశ్వరరావుగారి రైసుమిల్లులో ఎలుకలక్కూడా తెలిసిపోతుంది!"

సుబ్బరత్నం మొహం వాడిపోయింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకేం తెలుసే తల్లీ. నీ మీదకి ఎవడన్నా వస్తే అది మొరాయించకుండా పేలాలి కదా అని అమ్మవారికి చూపించాను. రాత్రంతా అదే బెంగ నాకు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారే?"

ఇంక ఏమని తిడుతుంది? మల్లీశ్వరి పీట ముందు కూలబడి, బంతిపూలు ఒక్కొక్కటే తీసి, తడిగుడ్డతో కుంకం తుడవడం మొదలుపెట్టింది. సందుల్లోకి పోయిన పసుపు పోవడం లేదు. కోపమో ఏడుపో తేల్చుకోలేక ముక్కు ఎగబీలుస్తూ తుడుస్తూనే ఉంది. దుర్గాశంకర్ లోపలి గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఓదార్చడానికి రాలేదు.

మూడున్నరకి ఎస్సై కిరణ్‌కుమార్ వచ్చాడు. కూడా ఓ కానిస్టేబుల్. అమ్మవారి కొండ దగ్గర పండగ బందోబస్తు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది.

"సారీ మేడం, పండగపూట. మీ వెపన్ మీద కంప్లైంట్ వచ్చిందండీ. పదిమందిలో ప్రదర్శనకి పెట్టారని. లైసెన్సు షరతులకి విరుద్ధం కదండీ. విచారణ అయ్యేదాకా వెపనూ గుళ్లూ స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి. పైనుంచి ఆర్డర్."

"ఎన్నాళ్లండీ?"

"సెలవులు కదా మేడం. వారం, పది రోజులు."

"సోమవారం నా సాక్ష్యం ఉంది."

కిరణ్‌కుమార్ ఇబ్బందిగా టోపీ అటూ ఇటూ తిప్పాడు. "నాకు తెలుసండీ. కానీ నా చేతిలో లేదు. ఫొటోతో సహా పంపారు. ఫొటో లేకపోతే ఏదో ఒకటి చెప్పి ఆపేవాణ్ణి." ఫోను తీసి చూపించాడు.

పీట, నాడె, పన్నె, దండేసుకున్న పిస్టలు. దగ్గరగా, నిదానంగా తీసిన ఫొటో. మల్లీశ్వరి భుజం మీంచి సుబ్బరత్నం తొంగిచూసింది.

"ఇది మా శంకరం తీసిందేగా!" అందావిడ, తెలిసిన వస్తువు కనపడిన సంబరంతో. "పేరంటాళ్లు రాకముందు, నేనింకా దీపం కూడా వెలిగించలేదు. బీరువా తాళం వాడే తెచ్చిచ్చాడు. 'అమ్మా, ఓ పక్కకి జరుగు, ఫొటో తీసుకుంటా' అన్నాడు. ఏరా శంకరం, నువ్వే కదూ?"

ఎస్సై దుర్గాశంకర్ వైపు చూశాడు. సుబ్బరత్నానికి తను ఏమందో మెల్లగా అర్థమైంది. గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

మల్లీశ్వరి భర్త వైపు తిరిగింది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆ మొహంలో అబద్ధం చూసి గుర్తుపట్టడం ఆవిడకి కష్టం కాదు. ఇప్పుడక్కడ అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

"మీరేనా?"

"తుపాకీ లేకపోతే నువ్వు బయల్దేరవనుకున్నాను మల్లీ." దుర్గాశంకర్ గొంతు బొంగురుపోయింది. "నువ్వు బతికుండాలి. నాకు ఇంకేం అక్కర్లేదు. మీ నాన్నగారు ఎలాగూ తిరిగి రారు. నువ్వు వెళ్లకపోతే నీ జోలికి రామని రామకోటేశ్వరరావుగారు మాటిచ్చారు."

"ఆయన్ని కలిశారా? ఎప్పుడు?"

"నీ లైసెన్సు ఎంక్వైరీకి పోలీసులు ఇంటికొచ్చిన వారంలో."

ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ ఈయన పక్కనే పడుకుంది, ఈయన కలిపిచ్చిన కాఫీ తాగింది, ఈయన భయపడుతున్నాడని జాలిపడింది. నాన్నని చంపినవాళ్ల ఇంట్లో ఈయన కుర్చీలో కూర్చుని మంచినీళ్లు పుచ్చుకుని ఉంటాడు. అంతలోనే మల్లీశ్వరికి ఇంకో ఆలోచన వచ్చింది.

"సోమవారం హైవే మీద కాకుండా కరకట్ట మీదుగా వెళ్తానని మొన్న మీ ఒక్కరికే చెప్పాను. అది కూడా చెప్పారా?"

దుర్గాశంకర్ లోపలి గదిలోకి వెళ్లబోయాడు.

"చెప్పండి!"

"నువ్వు మొండిదానివి, తుపాకీ లేకపోయినా బయల్దేరినా బయల్దేరతావని... నిన్న వాళ్లు ఫోన్ చేసి అడిగితే చెప్పాను మల్లీ. తుపాకుల కొట్టు దగ్గరున్నప్పుడు. ఊరికే కారాపి వెనక్కి పంపించేస్తామన్నారు, చెయ్యి కూడా వెయ్యమన్నారు. కిరీటి కూడా అదే ఫోన్లో అమ్మవారి మీద ఒట్టేశాడు."

పిస్టల్ని కవర్లో పెడుతున్న కిరణ్‌కుమార్ చెయ్యి ఆగిపోయింది. బెయిలు మీదున్న కిరీటి ఈ కేసులో ఏ సాక్షి జోలికీ, ఆ సాక్షి ఇంట్లో ఎవరి జోలికీ రాకూడదని, వస్తే బెయిలు రద్దని కోర్టు షరతు. ఆ సంగతి ఎస్సైకి తెలుసు, మల్లీశ్వరికీ తెలుసు. నోరు జారిన దుర్గాశంకర్‌కే అప్పటిదాకా గుర్తు రాలేదు.

మల్లీశ్వరి కళ్లు తుడుచుకుంది. గూట్లోంచి తెల్లకాగితాలు తీసుకొచ్చి ఎస్సై ముందు బల్ల మీద పెట్టింది. భర్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"తుపాకీ తీసుకెళ్లండి ఎస్సైగారూ, నాకు అక్కర్లేదు. కానీ వెళ్లేముందు ఈయన చెప్పింది మొదట్నుంచీ రాసుకోండి. ఇందాకటిదాకా కిరీటి మీద సాక్షిని నేనొక్కదాన్నే. ఇప్పుడు ఇద్దరం."